ఎవరూ నిలబడని మూల

"నా మాట వినండి. ఇవాళ చిన్నదాన్ని ఆ ఆట కోర్టులోకి పంపితే అది మళ్ళీ ఈ గుమ్మంలోంచి నడిచి రాదు. నా మనసు చెబుతోంది."

కుట్టుమిషను ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించబోయి, ఎక్కక, మళ్ళీ ఎక్కించబోతూ మిషనమ్మ ఆ మాట పైకే అనేసింది. బూట్ల లేసులు కట్టుకుంటున్న భర్త తల ఎత్తలేదు.

"నీ మనసు నిన్న కూడా ఇదే చెప్పింది. అది నడిచే వచ్చింది. వచ్చి నా వంతు కూడా తినేసింది."

"మీకు అన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదే. మొన్న గ్యాసు పేలుతుందన్నావు. అంతకు ముందు నా బస్సుకి బ్రేకులు పోతాయన్నావు. ఇంతవరకూ పోయింది నా నిద్ర ఒక్కటే." ఆయన లేచి, డ్రైవరు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. గోడమీద పెద్దకూతురి ఫోటో ఉంది. ఆ ఇంట్లో ముగ్గురూ ఆ గోడ దగ్గరికొచ్చేసరికి చూపు పక్కకి తిప్పుకునే నడుస్తారు. ఆయనా అలాగే నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "అయినా ఆ కోచ్‌ని తెచ్చింది నువ్వే కదా. పెద్దవాళ్ళ మధ్య కూర్చుని 'ఈవిడే కావాలి' అన్నావు. ఇప్పుడు మళ్ళీ ఈ గోలేంటి?" అని వెళ్ళిపోయాడు.

నిజమే. తెచ్చింది తనే.

పెద్దది కాలేజీ కోర్టులో, ఆడుతూ ఆడుతూ కుప్పకూలిపోయి రెండేళ్ళు దాటింది. గుండెలో పుట్టుకతోనే లోపముందని, ఇంట్లో మెట్లెక్కుతున్నా అదే జరిగి ఉండేదని డాక్టర్లు తేల్చారు. అప్పటి కోచ్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి ఆ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఒక్క ఆటా గెలవలేదు. లైబ్రరీ మాస్టారు కొన్నాళ్ళు మెడలో ఈల వేసుకుని నిలబడ్డాడు గానీ, బంతి తనవైపు వస్తే ఆయనే ముందు తప్పుకునేవాడు. ఈ ఏడూ ఇదే వరస అయితే కోర్టు తీసేసి పరీక్షల హాలు కడతామని యాజమాన్యం తెగేసి చెప్పాక, ప్రిన్సిపాల్ గారు కొత్త కోచ్ కోసం ఇంటర్వ్యూలు పెట్టారు. అప్పటికే చిన్నది ఆ జట్టులో చేరింది. బెంచీ మీద కూర్చోవడమే తప్ప కోర్టులో అడుగు పెట్టనని తల్లికి ఒట్టు వేసి మరీ చేరింది. పిల్లల తల్లిదండ్రుల తరఫున ఒకరుండాలంటూ ఇంటర్వ్యూలకి మిషనమ్మనే పిలిపించారు. ఎందుకు పిలిపించారో అందరికీ తెలుసు. ఆవిడ తల ఊపితే ఇక ఊళ్ళో ఎవరూ వేలెత్తి చూపరు.

వచ్చినవాళ్ళంతా తాము గెలిపించిన కప్పుల గురించి చెప్పారు. ఒకావిడ మాత్రం, "అలిసిపోయినవాళ్ళు సిగ్గుపడకుండా బయటికి రావడం నేర్పిస్తాను. గెలవడం ఆ తర్వాత" అంది. మిషనమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈవిడే, అంది.

ఆవిడే నిన్న చిన్నదాన్ని ఎడమ మూలలో ఆడమంది.

పెద్దది పడిపోయిన మూల అది. చిన్నది ఆ సంగతి అన్నం తింటూ, తల దించుకుని, ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా చెప్పింది. మిషనమ్మ రాత్రంతా పక్కమీద దొర్లింది. కళ్ళు మూస్తే అంబులెన్సు, తెరిస్తే చీకటి. కలత నిద్రలో తెల్లటి గుడ్డ మీద ఎవరికో కొలతలు తీస్తోంది, ఎవరికో చూద్దామంటే ముఖం కనబడదు.

పొద్దు వాలేసరికి ఆవిడ సూది వదిలేసి లేచింది. చెప్పులు వేసుకుంది. ఈ సాయంత్రం పిల్లని ఇంటికి తీసుకొచ్చేస్తుంది. జట్టూ వద్దు, ఆటా వద్దు. ఉన్న ఒక్కతీ కళ్ళెదుట ఉంటే చాలు.

* * *

గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడను చూసి నవ్వాడు. "ఏంటమ్మా మెడలో ఆ టేపు? మా కోర్టుకి చొక్కా కుడతావా?"

తడుముకుంటే కొలతల టేపు మెడలోనే ఉంది. తీసి ఎక్కడ పెట్టాలో తోచక అలాగే ఉంచుకుంది.

"ఆట అయిపోయిందా బాబూ?"

"ఎక్కడ! చప్పట్ల మేడమ్ వదిలితేగా. చీకటిపడేదాకా బంతి కొట్టిస్తుంది."

పిల్లలు కోచ్‌కి ఆ పేరు పెట్టారు. కోచ్ అన్నాక మెడలో ఈల ఉండాలి. ఈవిడ ఈల వెయ్యదు, చప్పట్లు కొడుతుంది. ఎందుకు మేడమ్ అని అడిగితే, "ఈల వేస్తే చెవులు పనిచేస్తాయి. మీకు కళ్ళు పనిచెయ్యాలి. ఒకరి చేతులు ఒకరు చూసుకోవడం నేర్చుకోండి" అందట. చిన్నది ఈ ముక్క చెప్పినప్పుడు మిషనమ్మకి బాగానే అనిపించింది. ఇప్పుడు అదీ అనుమానంగానే ఉంది. ఈల లేకపోతే, ప్రమాదం వస్తే ఎవరు ఎలా ఆపుతారు?

ఆ కోర్టులోకి ఆవిడ ఎప్పుడూ రాలేదు. పెద్దది ఆడినన్నాళ్ళూ ఒక్క ఆటా చూడలేదు. చూస్తే దిష్టి తగులుతుందనో, కాలు విరుగుతుందనో ఏదో ఒక భయం. తనకి బదులు చిన్నదాన్ని పంపేది, అక్క వెంట. ఆ రోజు కూడా అలాగే పంపింది. పెద్దదాన్ని నేరుగా ఆస్పత్రిలోనే చూసింది.

రేకుల కప్పు ఎత్తుగా ఉంది. కిటికీలకి ఇనప జాలీ. కప్పు కింద దూలం మీద పావురాలు అటూ ఇటూ జరుగుతున్నాయి. బంతి నేలకి తగిలిన ప్రతిసారీ ఆ చప్పుడు రేకుల్లోకి వెళ్ళి తిరిగొస్తోంది, పైన ఎవరో రెండో బంతి కొడుతున్నట్టు. మిషనమ్మ తలుపు పక్కన, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

నేలంతా చెక్క. ఏళ్ళ తరబడి బూట్లు రాసుకుని పాలిష్ పోయి, ముతకబారి, మరకలు పడి ఉంది. ఎడమవైపు మూల ఒక్కటే అలా లేదు. అక్కడ ఒక మనిషి చేతులు చాచి పడుకునేంత మేర చెక్క నిగనిగలాడుతోంది. నిన్ననే వేసినట్టు. కిటికీలోంచి వచ్చిన వెలుతురు అక్కడ మాత్రమే మెరుస్తోంది.

ఈ రెండేళ్ళలో అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు.

ఆట చూస్తున్న కొద్దీ ఆవిడకి అది ఇంకా బాగా కనబడింది. కొలత తప్పి కుట్టిన చొక్కా ఒక పక్కకి లాగినట్టు, ఆటంతా కుడివైపుకే లాగుతోంది. అందరికన్నా పొడుగ్గా ఉన్న పిల్ల, నిచ్చెన అని పిలుస్తారట, బంతి కొట్టుకుంటూ ఎడమవైపు నుంచి దూసుకొచ్చింది. ఎదురుగా అడ్డం ఎవరూ లేరు. సరిగ్గా ఆ మెరిసే చెక్క అంచుదాకా వచ్చి, రోడ్డుమీద గుంట చూసిన సైకిలు మనిషిలా గభాల్న పక్కకి తిరిగింది. ముగ్గురు మీదపడి బంతి లాగేసుకున్నారు.

చప్పట్లు. అందరూ ఆగిపోయారు.

కోచ్ బక్కపలచటి మనిషి, పొట్టి జుట్టు. అరవదు. "ఎందుకు తిరిగావు?"

"ఏమో మేడమ్. కాలు తిరిగింది."

"కాలు దానంతటది తిరగదు. తిప్పావు."

చున్నీ లాంటిదేదో ఉంటే నిచ్చెన దాన్ని నలిపేదే. లేకపోయేసరికి చొక్కా అంచునే నలిపింది. "అక్కడ చల్లగా ఉంటుంది మేడమ్. సీనియర్లు చెప్పారు. అక్కడికెళ్తే పక్కనే ఎవరో ఆయాసపడుతున్నట్టు వినబడుతుందట."

"నువ్వు విన్నావా?"

"వినేంత దూరం నేనెప్పుడూ పోలేదు మేడమ్!"

ఒకరిద్దరు నవ్వబోయి మింగేశారు. బెంచీ మీద చిన్నది ఉందని గుర్తొచ్చింది కాబోలు. ఆనాటి జట్టులో ఒక్కరూ ఇప్పుడు లేరు. అందరూ చదువులు ముగించుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు చూసినవాళ్ళు మిగల్లేదు, భయం మిగిలింది. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకి అప్పజెప్పి వెళ్ళారు.

"మనతో ఆడే ప్రతి జట్టుకీ ఈ సంగతి తెలుసు," అంది కోచ్. "అందుకే ఆ మూలకి వాళ్ళు కాపలా కూడా పెట్టరు. అయిదుగురూ కుడివైపే కాచుకుని కూర్చుంటారు. మీరు ఆట రాక ఓడిపోవడం లేదు. సగం కోర్టులో ఆడి ఓడిపోతున్నారు. మళ్ళీ."

ఆట మళ్ళీ మొదలైంది. కాసేపటికి నిచ్చెనకి ఆయాసం వచ్చింది. పరిగెడుతూనే కుడిచెయ్యి పైకెత్తింది. వేళ్ళన్నీ మూసి, పిడికిలి బిగించి. కోచ్ వెంటనే చప్పట్లు కొట్టింది. బెంచీ మీంచి ఇంకో పిల్ల లేచి, ఒక్క మాట అడగకుండా పరిగెత్తి నిచ్చెన చోట్లో నిలబడింది.

మిషనమ్మ గోడని వదిలి నిటారుగా నిలబడింది.

ఆ పిడికిలి ఆవిడకి తెలుసు.

బట్టలు ఎక్కువగా వచ్చి పడ్డప్పుడు పెద్దది మిషను తొక్కేది. వీపు నొప్పెడితే అబ్బా అనేది కాదు. అలా, గాల్లోకి పిడికిలి ఎత్తేది. చిన్నది పుస్తకం మూసేసి వచ్చి, అక్క ఇటు జరుగుతుంటే అటునుంచి ముక్కాలిపీట మీదికి జారి కూర్చునేది. తొక్కుడు ఆగేది కాదు. గిన్నెలు తోముతున్నప్పుడూ అంతే. "ఏంటే ఆ పిడికిలి? ఊరేగింపులో నినాదాలా?" అని తను కసిరితే పెద్దది నవ్వేది. "రూలమ్మా. పిడికిలి ఎత్తితే ఎందుకని అడగకూడదు. వచ్చి చోటు తీసుకోవాలి, అంతే."

ఎక్కడిదే ఆ రూలు అని తను ఏనాడూ అడగలేదు. పిల్లచేష్ట అనుకుంది.

కాళ్ళు ఎప్పుడు కదిలాయో తెలియదు. ఆవిడ కోర్టు అంచు దాటి, చెప్పులతోనే, కోచ్ ముందుకి వెళ్ళి నిలబడింది. పిల్లలంతా ఆగిపోయారు. చిన్నది బెంచీ మీంచి లేచి, "అమ్మా! నువ్వెందుకొచ్చావు?" అంది.

"నువ్వుండవే," అని, మిషనమ్మ కోచ్ వైపు తిరిగింది. "ఆ సైగ ఎక్కడిది మేడమ్?"

కోచ్ ఆవిడ ముఖం చూసింది, మెడలోని టేపు చూసింది. "పిల్లలకి నేను నేర్పిందేనమ్మా. చెయ్యి తెరిచి ఎత్తితే బంతి నాకివ్వమని. మూసి ఎత్తితే నా వల్ల కావడం లేదు, నా బదులు మనిషిని పంపమని. రెండూ కలిసిపోకూడదని అలా..."

"అది కాదు నేనడిగేది. మా పెద్దదానికి ఎలా తెలుసు?"

కోచ్ చూపు చిన్నదాని వైపు మళ్ళింది.

"మా ఇంట్లో మిషను దగ్గర ఎత్తేది. గిన్నెల దగ్గర ఎత్తేది. మీరు ఈ ఊరొచ్చి నెలలే అయింది. అది పోయి రెండేళ్ళయింది. ఎలా తెలుసు దానికి?"

కోచ్ మెల్లగా బెంచీ మీద కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు. "నేనే నేర్పానమ్మా. ఒక వేసవి సెలవుల్లో శిబిరం పెట్టాం, చాలా కాలేజీల పిల్లలు వచ్చారు. అందులో మీ అమ్మాయి ఉంది. అందరికన్నా ముందు నేర్చుకుంది. అందరికన్నా తక్కువ ఎత్తేది. ఎత్తవే పిల్లా, సిగ్గులేదు అని నేనే వెంటపడేదాన్ని."

"మరి ఇంటర్వ్యూలో నా ఎదురుగానే కూర్చున్నారు. ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెబితే నన్ను తీసుకునేవారా?"

"ఎందుకు తీసుకుంటాను? గేటు దాకా తరిమేదాన్ని!"

"అందుకే చెప్పలేదు."

ఇలా ఎదురుగా ఒప్పేసుకునేవాళ్ళతో పోట్లాడటం మిషనమ్మకి అలవాటు లేదు.

"పేపర్లో చూశాను ఆ వార్త," అంది కోచ్, తన అరచేతులు తానే చూసుకుంటూ. "ఆ రోజు నుంచి నన్ను ఒకటే తొలిచేస్తోంది. పిల్లకి ఒక భాష నేర్పాను. ఆ భాష తెలిసినవాళ్ళు ఒక్కరూ లేని చోటికి దాన్ని తిప్పి పంపాను. ఇక్కడ దాని పిడికిలి చూసి అర్థం చేసుకునేదెవరు? ఆ రోజు ఎత్తిందో లేదో నాకు తెలియదు. ఎత్తి ఉంటుందేమోనన్న ఆలోచనతోనే నాకు తెల్లారుతుంది. అందుకే ఈ కాలేజీలో ఉద్యోగముందని తెలియగానే వచ్చాను. ఇంకెవరికీ ఇక్కడ అలా కాకూడదని."

"ఎత్తలేదు," అంది మిషనమ్మ గట్టిగా. "అది బంతి అడిగింది. అప్పటి కోచ్ సారు మా ఇంటికొచ్చి చెప్పాడు. చెయ్యెత్తి బంతి అడుగుతూ అడుగుతూనే పడిపోయిందమ్మా, చివరిదాకా దానికి ఆటే లోకం అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్ళు..."

ఆగిపోయింది. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళు బతికింది. బంతిని తిట్టుకుంటూ బతికింది. వీధిలో పిల్లలు ఆడుకునే రబ్బరు బంతి అరుగు మీదికొచ్చి పడ్డా కాలితో కూడా తాకకుండా. ఇష్టమైనది చేస్తూ పోయింది, అడిగింది అందేలోగా పోయింది, అంతే అనుకుంటూ.

చెయ్యెత్తింది, అన్నాడు ఆ సారు. తెరిచిందో మూసిందో చెప్పలేదు. తనూ అడగలేదు. అడగాలని తెలిస్తే కదా.

కోచ్ అక్కడ లేదు ఆ రోజు. ఈ పిల్లలెవరూ లేరు. ఉన్నది చిన్నది ఒక్కతే. చూసేవాళ్ళు కూర్చునే మెట్ల మీద, ముందు వరసలో కూర్చుని, అక్క నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఆ రోజు గురించి ఈ రెండేళ్ళలో నోరు విప్పలేదు. బతిమాలినా విప్పలేదు, కొట్టబోయినా విప్పలేదు. ఈ జట్టులో ఎందుకు చేరావే, లోకంలో ఇంకే ఆటా దొరకలేదా అంటే అప్పుడూ అంతే.

మిషనమ్మ వెనక్కి తిరిగింది.

"చెప్పవే."

చిన్నది బెంచీ అంచు పట్టుకుంది.

"నిన్ను తీసుకుపోదామనే వచ్చాను నేను. ఇంకో అడుగు ఇక్కడ వెయ్యనివ్వను అనుకుంటూ వచ్చాను. నీ ఇష్టం, నువ్వు చెప్పకపోయినా తీసుకుపోతాను. కానీ ముందు ఇది చెప్పు. ఆ రోజు మీ అక్క చెయ్యి తెరిచి ఉందా, మూసి ఉందా?"

కోర్టులో ఒక పిల్ల చేతిలోంచి బంతి జారిపోయింది. రెండు మూడుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ, దారి తెలిసినట్టు ఎడమ మూలకి పోయి, ఆ మెరిసే చెక్క మీద ఆగింది. ఎవరూ తేవడానికి పోలేదు.

పావురాలు కూడా కదలడం మానేశాయి. కిటికీలోంచి పడే వెలుతురు నేలమీద పసుపు నుంచి బూడిదరంగుకి తిరుగుతోంది. మిషనమ్మకి వద్దులే, చెప్పకులే అనాలనిపించింది. ఏ సమాధానం వచ్చినా మంచిది కాదని మనసు చెబుతోంది. ఈసారి మాత్రం ఆవిడ మనసు మాట వినలేదు. టేపు రెండు కొసలూ గుప్పిళ్ళలో పట్టుకుని నిలబడింది.

తలుపు దగ్గర లైటు వెయ్యబోయిన వాచ్‌మన్ చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది.

"మూసే ఉందమ్మా."

గొంతు చిన్నదానిది కాదేమో అన్నంత బొంగురుగా వచ్చింది.

"సార్ వైపు చూడలేదు. బెంచీ వైపూ చూడలేదు. వాళ్ళకి తెలియదని దానికి తెలుసు. మెట్ల మీద నేనున్న వైపు తిరిగింది. నన్ను చూసి ఎత్తింది." చిన్నది తల్లిని దాటి, బంతి ఆగిన మూల వైపు చూసింది. ఇంట్లో ఆ ఫోటోలాగే, ఈ కోర్టులో ఎవరూ సూటిగా చూడని చోటు వైపు కళ్ళు తిప్పుకోకుండా చూసింది. "రూలు నీకూ తెలుసు కదమ్మా. ఎందుకని అడగకూడదు. వచ్చి చోటు తీసుకోవాలి."

దాని ఎడమచెయ్యి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి.

"నేనింకా వెళ్ళలేదమ్మా. ఇప్పుడు వెళ్ళనా?"